ఒకే డెస్క్‌టాప్‌లో లోకల్ సర్వర్, నలుగురూ తమ తమ కంప్యూటర్ల నుంచి వాడాలి. ఎలా సెట్ చేసుకోవాలి?

తోకచుక్క:
అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి ఒక ప్రాజెక్ట్ చేస్తున్నాం. విండోస్ 11 డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అందులో జాంప్ (అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఒకేసారి వేసే ప్యాకేజీ) వేసి వర్డ్‌ప్రెస్ సైట్ పెట్టాం. దాని పక్కనే రియాక్ట్ డాష్‌బోర్డ్ వీట్ అనే డెవలప్‌మెంట్ సర్వర్‌తో 5173 పోర్ట్‌లో నడుస్తోంది, దానికి వెనకాల 3000 పోర్ట్‌లో డేటా ఇచ్చే నోడ్ ఏపీఐ. ఆ డెస్క్‌టాప్ ముందు కూర్చుంటే అన్నీ బ్రహ్మాండంగా ఓపెన్ అవుతున్నాయి. మిగతా ల్యాప్‌టాప్‌ల నుంచి, ఫోన్ నుంచి మాత్రం ఒక్కటీ రావట్లేదు. డెస్క్‌టాప్ ఐపీ 192.168.1.34. బ్రౌజర్‌లో అది కొడితే చాలాసేపు తిరిగి తిరిగి చివరికి టైమ్‌డ్ అవుట్ అంటోంది. పింగ్ కూడా పోవట్లేదు.

మాకు కావాల్సింది ఇది: సర్వర్ ఒక్కటే ఉండాలి, కోడ్ కూడా అక్కడే ఉండాలి, నలుగురం అక్కడే ఎడిట్ చేసుకోవాలి.

పాతకీబోర్డు:
మీరు రెండు వేరు వేరు పనుల్ని కలిపి అడుగుతున్నారు. సైట్ అందరికీ కనబడటం ఒకటి. అందరూ ఒకే కోడ్ మీద పని చేయడం ఇంకొకటి. మొదటిది ఈ పూటే అయిపోతుంది. రెండోదాని సంగతి తర్వాత మాట్లాడదాం, ఎందుకంటే మీరు అనుకున్న పద్ధతి నాకు నచ్చలేదు.

పింగ్‌ని పక్కన పెట్టేయండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి కూడా వెబ్ పోర్ట్‌ని వదలొచ్చు, కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేలదు. ముందు డెస్క్‌టాప్‌లో నెట్‌స్టాట్ కమాండ్ కొట్టి, లిజనింగ్ అని ఉన్న వరుసల్లో 80, 5173, 3000 పోర్ట్‌ల పక్కన ఏ అడ్రస్ ఉందో ఇక్కడ పెట్టండి.

సెమీకోలన్:
కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే మెషిన్ దాకా చేరాం, అక్కడ వినేవాళ్లు లేరు అని. టైమ్‌డ్ అవుట్ అని ఆలస్యంగా వస్తే దారిలో ఫైర్‌వాల్ మింగేసింది అని. ఇక్కడ టైమ్‌డ్ అవుట్ కాబట్టి ఫైర్‌వాలే. నెట్‌స్టాట్ దాకా ఎందుకు?

పాతకీబోర్డు:
లినక్స్ మెషిన్ అయితే మీరన్నది చాలావరకు నిజం. విండోస్‌తో ఆ లెక్క కుదరదు. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే, ఎవరూ వినని పోర్ట్‌కి వచ్చిన కనెక్షన్‌కి కూడా విండోస్ జవాబివ్వదు. దాన్ని స్టెల్త్ మోడ్ అంటారు. అంటే ప్రోగ్రామ్ 127.0.0.1 మీద మాత్రమే వింటున్నా బయటి నుంచి చూసేవాళ్లకి టైమ్‌డ్ అవుటే కనబడుతుంది. అందుకే ముందు లోపల చూసుకోవాలి అన్నాను.

తోకచుక్క:
చూశానండి. ఇలా ఉంది:
0.0.0.0:80
[::1]:5173
0.0.0.0:3000

పాతకీబోర్డు:
ఇప్పుడు తెలిసింది. 0.0.0.0 అంటే ఆ మెషిన్‌కి ఉన్న అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌ల మీదా వింటోందని. అపాచీ, నోడ్ ఏపీఐ ఆ విషయంలో బాగానే ఉన్నాయి, వాటిని ఫైర్‌వాల్ ఆపుతోంది. వీట్ మాత్రం ::1 మీద ఉంది, అది ఐపీవీ6లో లోకల్‌హోస్ట్. దాన్ని బయటివాళ్లు ఎప్పటికీ చూడలేరు, ఫైర్‌వాల్ మొత్తం ఆపేసినా సరే. వీట్ కాన్ఫిగ్‌లో సర్వర్ కింద హోస్ట్‌ని ట్రూ చేయండి. మళ్లీ స్టార్ట్ చేస్తే నెట్‌వర్క్ అని ఇంకో లైన్‌లో మీ 192.168 అడ్రస్ చూపిస్తుంది.

జాంగోవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: రన్‌సర్వర్ పక్కన 0.0.0.0:8000 ఇచ్చి, సెట్టింగ్స్‌లో అలౌడ్ హోస్ట్స్‌లో ఆ ఐపీ కూడా చేర్చాలి. ఫ్లాస్క్‌కి హోస్ట్ ఆప్షన్, రైల్స్‌కి బైండింగ్ ఆప్షన్. అన్నిటికీ ఇదే జబ్బు, ఇదే మందు.

తోకచుక్క:
హోస్ట్ ట్రూ చేశాను, నెట్‌వర్క్ లైన్ వచ్చింది. ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్ పెట్టి 80, 5173, 3000 అలౌ చేశాను. అయినా అదే టైమ్‌డ్ అవుట్. తల బద్దలవుతోంది.

మూడోకన్ను:
నోడ్‌ని, అపాచీని మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఒక పెట్టె చూపించి అనుమతి అడిగి ఉంటుంది. అక్కడ ఎవరో క్యాన్సిల్ కొట్టి ఉంటారు. అలా కొడితే విండోస్ ఊరుకోదు, ఆ ప్రోగ్రామ్ పేరుతో బ్లాక్ రూల్ రాసి పెట్టుకుంటుంది. బ్లాక్ రూల్, అలౌ రూల్ రెండూ ఉంటే బ్లాక్‌దే పైచేయి. మీరు ఎన్ని అలౌలు చేర్చినా వృథా.

ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ తెరిచి, నోడ్ పేరుతోనూ అపాచీ పేరుతోనూ ఎర్ర గుర్తు ఉన్నవి వెతకండి. ఒక్కోదానికి టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి ఉంటాయి. తీసేయండి. అదే చేత్తో ఆ వైఫై కనెక్షన్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్ చేయండి, మీ అలౌ రూల్స్‌ని ప్రైవేట్‌కి మాత్రమే పెట్టండి. ఆ మెషిన్‌ని రేపు ఎక్కడికైనా తీసుకెళ్లి వేరే వైఫైకి కలిపితే అక్కడివాళ్లకి మీ సర్వర్ కనబడకూడదు కదా.

తోకచుక్క:
ఎర్ర గుర్తులు నాలుగూ దొరికాయి! తీసేయగానే ల్యాప్‌టాప్‌ల నుంచి డాష్‌బోర్డ్ వచ్చేసింది. కానీ ఫోన్‌లో ఇంకా రావట్లేదు. ఇంకో వింత: వర్డ్‌ప్రెస్ సైట్‌కి ఐపీ కొడితే ఒక్క క్షణం లోడ్ అయినట్టే అయి అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్ అని మారిపోతోంది, ఎర్రర్ వస్తోంది. డాష్‌బోర్డ్ ఓపెన్ అయింది గానీ లోపల డేటా ఖాళీ.

మూడోకన్ను:
ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవాటికి ఇంటర్నెట్ వస్తుంది గానీ పక్క మెషిన్లు కనబడవు. కొన్ని రౌటర్లలో మామూలు వైఫైకి కూడా ఏపీ ఐసొలేషన్ అని ఒక టిక్ ఉంటుంది, అదీ అదే పని చేస్తుంది.

వెన్నెలకోడ్:
వర్డ్‌ప్రెస్ సంగతి నేను చెప్తాను, రోజూ దానితోనే కాపురం. వర్డ్‌ప్రెస్ తన అడ్రస్‌ని డేటాబేస్‌లో ఆప్షన్స్ టేబుల్‌లో సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అనే రెండు వరుసల్లో రాసుకుంటుంది. మీరు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోకల్‌హోస్ట్ అని ఉంది కాబట్టి ఎవరు ఏ అడ్రస్‌తో వచ్చినా అక్కడికే తోలేస్తుంది. ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ల్యాప్‌టాపే, అక్కడ ఏముంటుంది?

డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో డబ్ల్యూపీ హోమ్, డబ్ల్యూపీ సైట్‌యూఆర్‌ఎల్ అనే రెండు కాన్‌స్టంట్లు డిఫైన్ చేస్తే డేటాబేస్‌లో ఉన్నదాన్ని అవి తోసిపుచ్చుతాయి. పోస్టుల్లో ఇప్పటికే పెట్టిన బొమ్మల లింకులు మాత్రం పాత అడ్రస్‌తోనే ఉంటాయి. వాటికి డబ్ల్యూపీ సీఎల్‌ఐలో (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే టూల్) సెర్చ్ రీప్లేస్ వాడండి. డేటాబేస్‌లో నేరుగా ఎస్‌క్యూఎల్‌తో పదం మార్చేయకండి. కొన్ని సెట్టింగ్స్ సీరియలైజ్ చేసి ఉంటాయి, అక్షరాల లెక్క కూడా పక్కనే రాసి ఉంటుంది. పొడవు మారితే ఆ సెట్టింగ్ మొత్తం చదవలేకుండా పోతుంది.

అంతా మార్చాక కూడా లోకల్‌హోస్ట్‌కే పోతోందంటే కంగారు పడకండి. అది 301 రీడైరెక్ట్, బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది. ఇన్‌కాగ్నిటోలో చూస్తే తేలిపోతుంది.

సెమీకోలన్:
డాష్‌బోర్డ్ ఖాళీకి కూడా అదే కారణం. మీ రియాక్ట్ కోడ్‌లో ఏపీఐ అడ్రస్ లోకల్‌హోస్ట్:3000 అని రాసి ఉంటుంది. ఆ కోడ్ నడిచేది చూసేవాడి బ్రౌజర్‌లో. కాబట్టి అది చూసేవాడి మెషిన్‌లో 3000 కోసం వెతుకుతుంది. దాన్ని 192.168.1.34గా మార్చేస్తే రిక్వెస్ట్ సరైన మెషిన్‌కే చేరుతుంది గానీ వెంటనే సీఓఆర్ఎస్ ఎర్రర్లు (పేజీ వచ్చిన అడ్రస్ ఒకటి, డేటా అడ్రస్ ఇంకొకటి అని బ్రౌజర్ ఆపేయడం) మొదలవుతాయి. అన్ని ఫెచ్‌లనీ స్లాష్ ఏపీఐ అని మొదలయ్యేలా మార్చి, వీట్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ పెట్టండి, అది ఆ రిక్వెస్ట్‌లని ఏపీఐకి దాటిస్తుంది. ప్రాక్సీ టార్గెట్‌గా లోకల్‌హోస్ట్:3000 ఇవ్వొచ్చు, ఎందుకంటే ఆ ప్రాక్సీ నడిచేది డెస్క్‌టాప్‌లో. బ్రౌజర్ దృష్టిలో అన్నీ ఒకే అడ్రస్ నుంచి వస్తున్నట్టే, సీఓఆర్ఎస్ గొడవే ఉండదు. అప్పుడు 3000 పోర్ట్‌ని ఫైర్‌వాల్‌లో మూసేయొచ్చు కూడా.

పాతకీబోర్డు:
సెమీకోలన్ గారి ప్రాక్సీ సలహా బంగారం. ఇంకో రెండు ముక్కలు. ఐపీ మారకుండా రౌటర్‌లో డీహెచ్‌సీపీ (మెషిన్లకి ఐపీలు పంచేది) రిజర్వేషన్ పెట్టండి, డెస్క్‌టాప్ మ్యాక్ అడ్రస్‌కి 34ని కట్టేయండి. లేకపోతే కరెంట్ పోయి వచ్చాక ఇంకో నంబర్ వస్తుంది, మీరు వర్డ్‌ప్రెస్‌లో రాసుకున్నదంతా మళ్లీ మార్చాలి. అలాగే పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ఆపేయండి.

తోకచుక్క:
అన్నీ చేశాను, అన్నీ వస్తున్నాయి! ఫోన్ గెస్ట్‌లోనే ఉంది. చాలా థాంక్స్ అండీ.

ఇక రెండో విషయం. హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌ని (జాంప్‌లో సైట్ ఫైళ్లు ఉండేచోటు) విండోస్‌లో షేర్ చేసి, అందరం నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకుని ఎడిట్ చేస్తే సరిపోతుంది కదా?

పాతకీబోర్డు:
ఇదే నాకు నచ్చలేదని అన్నది. వద్దు.

ఇద్దరు ఒకే ఫైల్ తెరుస్తారు. మొదటివాడు సేవ్ చేస్తాడు. రెండోవాడి ఎడిటర్‌లో పాత కాపీయే ఉంటుంది, అతను సేవ్ చేస్తే మొదటివాడి పని గాల్లో కలిసిపోతుంది. ఎవరికీ ఏ హెచ్చరికా రాదు, వచ్చినా చదవకుండా సరే కొడతారు. అదొక్కటే కాదు. ఒకరు సగం రాసిన ఫంక్షన్‌తో సేవ్ చేస్తే నలుగురి స్క్రీన్లూ ఒకేసారి ఎర్రబడతాయి. నోడ్ మాడ్యూల్స్‌లో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి, నెట్‌వర్క్ డ్రైవ్ మీద వాటిని ఎడిటర్ చదవడం మొదలుపెడితే మీరు టీ తాగి రావొచ్చు. ఆ డ్రైవ్ మీద గిట్ నడిపితే డ్యూబియస్ ఓనర్‌షిప్ అని ఆగిపోతుంది. ఫోల్డర్ యజమాని వేరేవాళ్లయితే నమ్మకూడదని 2022లో భద్రత కోసం పెట్టిన నిబంధన అది.

డెస్క్‌టాప్‌లో ఒక బేర్ గిట్ రెపో (ఎడిట్ చేసే ఫైళ్లు లేకుండా మార్పుల చరిత్ర మాత్రమే ఉండేది) పెట్టండి. నలుగురూ క్లోన్ చేసుకుని ఎవరి మెషిన్‌లో వాళ్లు నడుపుకోండి. మెయిన్ బ్రాంచ్‌కి పుష్ చేసినప్పుడు పోస్ట్ రిసీవ్ హుక్ (పుష్ రాగానే దానంతట అదే నడిచే స్క్రిప్ట్) హెచ్‌టీడాక్స్‌లోకి చెకౌట్ చేస్తుంది. డెస్క్‌టాప్ అందరికీ చూపించే కాపీ అవుతుంది, ఎవరూ నేరుగా దాన్ని ముట్టుకోరు.

నిద్రలేనిపిక్సెల్:
డిజైనర్‌ని మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. పాతకీబోర్డు గారూ, మీరు చెప్పింది నలుగురూ ప్రోగ్రామర్లయితే సరే. నాలాంటివాళ్లు సీఎస్‌ఎస్ ఒక్కటే మారుస్తారు. దానికోసం నా ల్యాప్‌టాప్‌లో పీహెచ్‌పీ, నోడ్, డేటాబేస్ అన్నీ వేసి, ఎవరి వెర్షన్‌తో ఎవరిది సరిపోలట్లేదో చూసుకుంటూ కూర్చోవాలా? మా టీమ్‌లో షేర్డ్ ఫోల్డర్‌తోనే చేశాం. సీఎస్‌ఎస్ ఫైల్ నేను తప్ప ఎవరూ ముట్టుకోరు, ఏ గొడవా రాలేదు.

సెమీకోలన్:
ఒక ఫైల్‌కి ఒకరే అనే కట్టుబాటు మీ టీమ్‌లో నిలిచింది. నలుగురు కోడ్ రాసేచోట నిలవదు.

మూడోకన్ను:
ఇద్దరికీ సరిపోయే దారి ఉంది. డెస్క్‌టాప్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ని (వేరే మెషిన్ నుంచి లాగిన్ అయ్యే దారి) ఆన్ చేయండి, విండోస్‌లో ఆప్షనల్ ఫీచర్‌గా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక యూజర్, ఆ యూజర్ కింద సొంత క్లోన్, సొంత పోర్ట్. విజువల్ స్టూడియో కోడ్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్‌తో అక్కడికి కనెక్ట్ అయితే ఎడిటర్ మీ ల్యాప్‌టాప్‌లో కనబడుతుంది, ఫైళ్లు, టెర్మినల్, నోడ్ అన్నీ డెస్క్‌టాప్‌లోనే. డిజైనర్ తన ల్యాప్‌టాప్‌లో పీహెచ్‌పీ గానీ నోడ్ గానీ వేయక్కర్లేదు. ఒకరి ఫైల్‌ని ఇంకొకరు తొక్కరు. నెట్‌వర్క్ డ్రైవ్ నిదానం ఉండదు, ఎందుకంటే ఫైళ్లని చదివేది అవి ఉన్న మెషినే. ర్యామ్ మాత్రం దండిగా ఉండాలి, నాలుగు ఎడిటర్ సర్వర్లు, నాలుగు వీట్‌లు తక్కువ తినవు.

డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్) నడపాలనుకునేవాళ్లకి: అది విండోస్ వెనకాల వేరే నెట్‌వర్క్‌లో ఉంటుంది, బయటి నుంచి నేరుగా కనబడదు. విండోస్ 11లో అయితే డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్‌లో నెట్‌వర్కింగ్ మోడ్ మిర్రర్డ్ పెట్టుకోవచ్చు. ప్రాజెక్ట్‌ని సీ డ్రైవ్‌లో ఉంచి డబ్ల్యూఎస్ఎల్ లోపలి నుంచి వీట్ నడిపితే మీరు సేవ్ చేసిన సంగతి దానికి తెలియదు, పేజీ తనంతట తాను మారదు. ప్రాజెక్ట్‌ని లినక్స్ ఫైల్ సిస్టమ్‌లోనే పెట్టండి.

పాతకీబోర్డు:
ఒప్పుకుంటాను, ఈ టీమ్‌కి నా పద్ధతికన్నా ఇదే బాగుంది. బేర్ రెపో మాత్రం ఉంచండి.

వెన్నెలకోడ్:
వర్డ్‌ప్రెస్ మొత్తాన్ని గిట్‌లో తోయకండి. మీ థీమ్, మీరు రాసిన ప్లగిన్లు చాలు. అప్‌లోడ్స్ ఫోల్డర్, డేటాబేస్ గిట్‌లోకి రావు.

డేటాబేస్ నలుగురికీ ఒకటేనా, విడివిడిగానా అంటే నేను విడివిడిగా అంటాను. ఒకరు కొత్త ప్లగిన్ వేస్తే అది టేబుల్స్ మారుస్తుంది, మిగతా ముగ్గురి కోడ్‌లో ఆ ప్లగిన్ ఉండదు. జాంప్‌లో ఉన్న డేటాబేస్ సర్వర్ మరియాడీబీ ఒక్కదానిలోనే నాలుగు డేటాబేస్‌లు పెట్టుకోండి, వారానికోసారి మెయిన్ నుంచి కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా డేటాబేస్‌కి కనెక్ట్ కావాలంటే హోస్ట్ ఈజ్ నాట్ అలౌడ్ అని తిరగ్గొడుతుంది. జాంప్‌లో రూట్ యూజర్‌కి మామూలుగా పాస్‌వర్డే ఉండదు, లోకల్‌హోస్ట్ నుంచే అనుమతి. ఆ రూట్‌ని బయటికి తెరవకండి. 192.168.1.% అని హోస్ట్ ఇచ్చి, పాస్‌వర్డ్‌తో వేరే యూజర్‌ని చేసుకోండి. డేటాబేస్‌ని బ్రౌజర్‌లో చూసే పీహెచ్‌పీ మై అడ్మిన్‌కి రిక్వైర్ లోకల్ (ఆ మెషిన్ నుంచి మాత్రమే) అని ఉంటుంది, 403 వస్తోందని నెట్‌లో చూసి అందరూ దాన్ని తీసేస్తుంటారు. అలాగే ఉండనివ్వండి.

తోకచుక్క:
మూడోకన్ను గారి పద్ధతే పెడుతున్నాం. డాష్‌బోర్డ్‌లో క్యూఆర్ స్కాన్ ఉంది, ఫోన్‌లో కెమెరా అడగనే అడగట్లేదు. డెస్క్‌టాప్‌లో అడుగుతోంది. అలాగే క్లయింట్‌కి చూపించాలి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేస్తే సరిపోతుందా?

సెమీకోలన్:
పోర్ట్ ఫార్వర్డ్ జోలికి అస్సలు వెళ్లొద్దు. డెవలప్‌మెంట్ సర్వర్ అంటే ఎర్రర్ వస్తే లోపలి గుట్టంతా పేజీ మీద పెట్టేది. ఫ్లాస్క్ డీబగ్గర్ లాంటివైతే బ్రౌజర్ నుంచే మీ మెషిన్‌లో కోడ్ నడిపిస్తాయి. క్లయింట్‌కి చూపించాలంటే ఎన్‌గ్రాక్ గానీ క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ గానీ (లోకల్ సైట్‌కి తాత్కాలికంగా బయటి లింక్ ఇచ్చేవి) పాస్‌వర్డ్ పెట్టి, చూపించినంతసేపే తెరవండి.

మూడోకన్ను:
కెమెరా, లొకేషన్, సర్వీస్ వర్కర్ ఇవన్నీ సురక్షితమైన అడ్రస్ అయితేనే బ్రౌజర్ ఇస్తుంది. లోకల్‌హోస్ట్‌ని మినహాయింపుగా నమ్ముతుంది, 192.168తో మొదలయ్యే హెచ్‌టీటీపీని నమ్మదు. ఎంకేసర్ట్ అనే టూల్ ఉంది. అది మీ డెస్క్‌టాప్‌లో ఒక సొంత సర్టిఫికెట్ అథారిటీని తయారు చేసి, మీరు చెప్పిన పేర్లకి, ఐపీలకి సర్టిఫికెట్ ఇస్తుంది. రూట్ సీఏ ఫైల్‌ని మిగతా మెషిన్లలో, ఫోన్లలో ఇన్‌స్టాల్ చేయాలి. ఐఫోన్‌లో ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్, చివర్లో సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆన్ చేయాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

అదే ఫోల్డర్‌లో రూట్ సీఏ కీ అని ఇంకో ఫైల్ ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లోనూ గిట్‌లోనూ ఎవరికీ పంపకండి. అది చేతిలో ఉన్నవాళ్లు మీ మెషిన్లు నమ్మేలా ఏ సైట్‌కైనా దొంగ సర్టిఫికెట్ చేయగలరు.

తోకచుక్క:
కెమెరా వచ్చేసింది. ఇంకో తిరకాసు. నలుగురికీ నాలుగు పోర్ట్‌లు ఇచ్చాను, 5173 నుంచి 5176 దాకా. నా డాష్‌బోర్డ్‌లో లాగిన్ అయి, అదే బ్రౌజర్‌లో పక్క ట్యాబ్‌లో మా డిజైనర్‌ది తెరిచి లాగిన్ అయితే నాది లాగౌట్ అయిపోతోంది. సెషన్లు వేరే, డేటాబేస్‌లు వేరే. ఇదేం మాయ?

పాతకీబోర్డు:
కుకీలు పోర్ట్‌ని పట్టించుకోవు. 192.168.1.34 అనే ఒక్క హోస్ట్‌కి ఒక్క డబ్బా, 5173 అయినా 5176 అయినా అదే. ఇద్దరి నోడ్ ఏపీఐ కూడా ఒకే పేరుతో సెషన్ కుకీ రాస్తోంది కాబట్టి రెండోది మొదటిదాన్ని చెరిపేస్తోంది. ఒక్కొక్కరి కాపీలో కుకీ పేరు మార్చినా పని అవుతుంది. సరైన దారి మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో పేరు ఇవ్వడం.

పేరు చివర డాట్ టెస్ట్ పెట్టండి. ఇలాంటి పనుల కోసమే 1999లో పక్కన పెట్టిన పేరు అది, ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వరు. డాట్ డెవ్ వాడకండి. అది గూగుల్ చేతిలో ఉన్న నిజమైన డొమైన్, 2017 డిసెంబర్‌లో క్రోమ్ 63 నుంచి దాన్ని హెచ్‌టీటీపీఎస్‌కే తోస్తోంది. డాట్ లోకల్ కూడా వద్దు, అది ఎండీఎన్ఎస్‌ది (లోకల్ నెట్‌వర్క్‌లో మెషిన్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి), పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో నడవదు.

ల్యాప్‌టాప్‌లకి హోస్ట్స్ ఫైల్‌లో పేర్లు రాసేయొచ్చు, స్టార్ పెట్టి అన్నీ ఒకేసారి అంటే హోస్ట్స్ ఫైల్ ఒప్పుకోదు, ఒక్కో పేరూ రాయాల్సిందే. ఫోన్‌లో ఆ ఫైల్ మార్చలేరు. రౌటర్‌లో సొంత డీఎన్ఎస్ పేర్లు చేర్చే వీలుంటే అక్కడ పెట్టండి, లేకపోతే చిన్న లినక్స్ బాక్స్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌కి ఏదైనా కంపెనీ పేరు ఇచ్చి ఉంటే ఫోన్ మీ రౌటర్‌ని అడగదు, అది ఆఫ్ చేయాలి.

తోకచుక్క:
రౌటర్‌లోనే ఆ వీలుంది, పెట్టేశాను. సర్టిఫికెట్ ఇంకా పెట్టని కాపీని కొత్త పేరుతో తెరిస్తే దిస్ హోస్ట్ ఈజ్ నాట్ అలౌడ్ అని వీట్ ఆపేస్తోంది. ఐపీతో అయితే వస్తోంది.

మూడోకన్ను:
వీట్ 2025 నుంచి హెచ్‌టీటీపీ మీద తెలియని పేర్లని రానివ్వదు, ఐపీలని, లోకల్‌హోస్ట్‌ని మాత్రం వదులుతుంది. ఏదో ఒక సైట్ తన డొమైన్‌ని మీ లోపలి ఐపీకి తిప్పి మీ కోడ్ చదవకుండా పెట్టిన తాళం అది. సర్వర్ కింద అలౌడ్ హోస్ట్స్‌లో మీ పేరు ముందు ఒక చుక్క పెట్టి రాయండి, దాని సబ్‌డొమైన్లన్నీ కలిసొస్తాయి. ట్రూ అని ఇచ్చేస్తే తాళమే తీసేసినట్టు, అలా చేయకండి. ఎంకేసర్ట్‌తో ఆ పేర్లకి కూడా సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాలి, మొదటిది ఐపీకే ఇచ్చి ఉంటారు. రూట్ సీఏ అదే కాబట్టి ఫోన్లలో మళ్లీ ఏమీ వేయక్కర్లేదు.

తోకచుక్క:
నాలుగూ నాలుగు పేర్లతో వస్తున్నాయి, రెండు ట్యాబ్‌లలో రెండు లాగిన్లూ నిలబడ్డాయి. ఫోన్‌లో కెమెరా కూడా కొత్త పేరుతో అడుగుతోంది. పోర్ట్ నంబర్ కూడా కొట్టకుండా పేరు ఒక్కటే కొడితే చాలు అనేలా చేయాలంటే?

సెమీకోలన్:
మీ దగ్గర 80లో అపాచీ ఎలాగూ ఉంది. పేరుకో వర్చువల్ హోస్ట్ రాసి, ఆ పోర్ట్‌కి ప్రాక్సీ పాస్ ఇవ్వండి. వీట్ లైవ్ రీలోడ్ వెబ్‌సాకెట్ మీద నడుస్తుంది కాబట్టి వెబ్‌సాకెట్ ప్రాక్సీ మాడ్యూల్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే పేజీ వస్తుంది గానీ సేవ్ చేసినప్పుడు మారదు. కెమెరా కోసం 443 మీద కూడా అదే రాసి సర్టిఫికెట్‌ని అపాచీకి ఇచ్చేయండి, అప్పుడు వీట్‌లో సర్టిఫికెట్ అక్కర్లేదు. ఫైర్‌వాల్‌లో 443 తెరిచి, 5173 నుంచి 5176 దాకా తెరిచినవి మూసేయండి.